ఊపిరి పట్టకుండ్రి

పొద్దున్నే ఫోన్ మోగింది, ఫోటాయన ఇంటి నుంచి. ఆయన కూతురు. "కాకా, నాయిన పోయిండు" అంది. నిద్రలోనే వెళ్లిపోయాడట. తొంభై దగ్గర పడ్డ మనిషి, మంచం పట్టకుండా, ఎవరితోనూ చేయించుకోకుండా దాటిపోయాడు.  తర్వాత ఆమె అసలు సంగతి చెప్పింది.

"దినాలకు దండెయ్యనీకి నాయిన ఫోటో ఒక్కటి లేదు కాకా. ఆధార్ కార్డు మీదిదొక్కటే ఉన్నది. అండ్ల ఊపిరి పట్టిండు."

నాకు నవ్వొచ్చింది. చావు కబురు చెప్పిన నోటితోనే ఆ పిల్ల కూడా నవ్వింది. ఆయన పెంచిన బిడ్డ అని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు.

"మీ ఇంట్ల ఉన్నదట గద, నాయినది ఒకటి?" అంది.

ఉంది. అరవై ఏళ్లుగా మా ఇంట్లోనే, ఇప్పుడు గోడ మీద ఉంది. ఫోన్ పెట్టేసి దాని ముందు నిలబడ్డాను.

అప్పుడు నేను కల్వకుర్తి పంచాయతీ సమితి ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాని. గొర్ల వెనక కాకుండా కుర్చీలో కూర్చుని బతకడం మా వంశంలో నాతోనే మొదలు. బస్సులు ఆగే చోటికి వెనకవైపు ఒక గది కిరాయికి దొరికింది. పక్క గదిలో ఆయన స్టూడియో. ఆయనకొక పేరుండేది, తలుపు మీద రంగుతో రాసుకున్నాడు కూడా. కానీ ఊరు ఊరంతా ఫోటాయన అనే పిలిచేది. నేను అన్నా అనేవాణ్ణి. ఇప్పుడు కొత్తగా పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు.

సన్నటి మనిషి, పొడుగు. ఫోటోలు కడిగే మందు నీళ్లలో నాని నాని గోళ్లు నల్లబడిపోయాయి. పెళ్లిళ్లలో సాయంగా వడ్డించబోతే ఆడవాళ్లు ఆయన చేతిలోంచి గరిటె లాక్కునేవాళ్లు. మాట్లాడేటప్పుడు మన కళ్లలోకి చూడడు, చెంప మీదికి చూస్తాడు. మొదట్లో నా మొహానికేదో అంటుకుందనుకుని తుడుచుకునేవాణ్ణి. "తుడ్వకు తమ్మీ, ఎలుతురు మంచిగ వడ్డది" అనేవాడు. ఎక్కడైనా ఒక మొహం నచ్చిందా, జొన్నగింజను చూసిన కోడిలా మెడ పక్కకు వాల్చి అలాగే ఉండిపోయేవాడు. వారపు అంగట్లో బేరం మధ్యలో ఇలా మెడ వాల్చేసరికి ఇతనికేదో గాలి సోకిందని జనం జరిగి దారిచ్చేవాళ్లు.

ఆ రోజుల్లో స్టూడియో అంటే వెనక మేడమెట్లో పూలతోటో గీసిన తెర ఉండాలి. కాగితం పూలకుండీ, చేతికి పెట్టుకోను ఒక గడియారం ఉండాలి. మనుషులు అవి చూసే వచ్చేవాళ్లు. ఈయన దగ్గర అవేవీ లేవు. పెద్ద కిటికీ ఒకటి, ఎదురుగా గోడకు నల్ల గొంగడి. అంతే. "మేడలు జూసెటోళ్లు మేడలనే జూస్తరు, మొకాలెవడు జూస్తడు?" అని ఆయన వాదన. పౌడర్ రాసుకొచ్చిన పెళ్లికొడుకులకు తడిగుడ్డ ఇచ్చి బయట నిలబెట్టేవాడు. నెగెటివ్ మీద పెన్సిల్‌తో దిద్ది నల్లవాణ్ణి తెల్లగా చేయడం ఆయనకు వచ్చు, చేసేవాడు కాదు. "మీ అమ్మ నిన్ను గుర్తువట్టొద్దా?" అనేవాడు. ఇలా మాట్లాడితే గిరాకీ ఎట్లా వస్తుందని నేను తిట్టేవాణ్ణి. కానీ ఒకసారి తీయించుకున్నవాళ్లు మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. అదేంటో నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

ఆయనది కర్ర పెట్టె కెమెరా. మూడుకాళ్ల మీద నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని వెనక అద్దంలోకి చూడాలి. మీట నొక్కడం లేదు, ముందున్న మూత తీసి మళ్లీ పెట్టడమే. ఆ మూతను టోపీ అనేవాడు. తక్కిన ఫోటోగ్రాఫర్లు "కదలొద్దు, ఊపిరి బిగబట్టు" అని గదిమేవాళ్లు. ఈయన మాత్రం వచ్చిన ప్రతివాడికీ చెప్పే మొదటి మాట, "ఊపిరి పట్టకుండ్రి. ఊపిరి వడితే మొకం పీనుగైతది." ఎదుటి మనిషి ఒక్క ఊపిరి తీసి వదిలినంత సేపు టోపీ తీసి ఉంచాలి, అదే ఆయన లెక్క. ఇంకా బిగుసుకుని కూర్చుంటే ఉన్నట్టుండి అడిగేవాడు: "ఇంట్ల పొయ్యి మీద ఏం వెట్టొచ్చినవు?" పప్పో, పచ్చిపులుసో గుర్తుకొచ్చి ఆ మొహం తన ఇంటికి వెళ్లిపోయేది. అప్పుడు టోపీ తీసేవాడు.

ఇంత చేసినా, పల్లెల నుంచి ఆయనకు వచ్చే పిలుపంతా చావులకే. బతికుండగా ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని అందరి నమ్మకం. పెద్దమనిషి పోయాక బండి కట్టుకుని పరుగెత్తుకొచ్చేవాళ్లు. పీనుగను కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు తాడు కట్టి, కండువా కప్పి, చుట్టూ కొడుకులూ కోడళ్లూ నిలబడితే ఈయన తీయాలి. కాదంటే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. వెళ్లేవాడు, తీసేవాడు, తిరిగొచ్చి రెండు రోజులు ఎవరితో మాట్లాడేవాడు కాదు. ఒకసారి మాత్రం నా గది గడప మీద కూలబడి అన్నాడు: "ఆయిన బతికున్నప్పుడు అంగట్ల ఎన్నోసార్లు జూసిన తమ్మీ. మస్తు మొకం. అడిగితే దిగలే. ఇయ్యాల ఊపిరి పట్టకుమని ఎవనికి జెప్పాలె?"

ఆయనకు కావలసింది అదొక్కటే. ఈ చుట్టుపక్కల గోడల మీద బతికున్న మొహాలు వేలాడాలి. దానికి అడ్డుగోడ ఎవరంటే మా అవ్వ.

మా ఊరు కల్వకుర్తికి ఎడ్లబండి దూరం. తాత పోయినప్పటి నుంచి మా మందకూ మనుషులకూ అవ్వే పెద్ద. ఊళ్లో అందరూ ఆమె మాట వినేవాళ్లు. మా ఇంట్లో ఫోటో పేరెత్తకూడదు. అవ్వ చిన్నకొడుకు, మా చిన్నబాపు, పట్నంలో మిల్లు పనికి పోయి, అక్కడ టోపీ పెట్టుకుని ఫోటో దిగి పంపాడట. అది చేరిన కొద్దిరోజులకే గత్తర తగిలి, అదే కలరా, మనిషి పోయాడని కబురొచ్చింది. అవ్వ ఆ ఫోటోను పొయ్యిలో వేసింది. అప్పటి నుంచి మా ఊళ్లో ఎవరూ కెమెరా ముందుకు పోలేదు.

స్టూడియోలో గొంగడి చీకిపోయిందని, మంచిది ఇప్పించమని ఆయన ఒక ఎండాకాలం నా వెంట మా ఊరొచ్చాడు. సైకిల్ వెనక కెమెరా పెట్టె కూడా కట్టుకున్నాడు. వద్దన్నా వినలేదు. అవి గొర్ల బొచ్చు కత్తిరించే రోజులు. దొడ్డి నిండా మనుషులు, కత్తెరల చప్పుడు. అవ్వ ఒక మూల కూర్చుని ఉన్ని ఏరుతోంది.

"గొంగడి పండనీకా బిడ్డా, కప్పుకోనీకా?" అని అడిగింది.

"గోడకు కట్టనీకి అవ్వా."

"గోడకు సలివెడ్తదా?" అంది అవ్వ. దొడ్డంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. మెడ పక్కకు వాలిపోయింది. ఏం అడగబోతున్నాడో నాకు తెలిసిపోయింది.

"అవ్వా, ఒక్క ఫోటువ దిగవా?"

కత్తెరలు ఆగిపోయాయి.

"నా కొడుకును మింగింది సాల్లేదా నీ డబ్బా?" అంది అవ్వ.

ఆయన వాదించలేదు. వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఉన్నిలోంచి పల్లేరుకాయలు ఏరుతూ కాసేపటికి మెల్లగా అడిగాడు: "నీ కొడుకు మొకం యాదికున్నదా అవ్వా?"

అలా అడిగినందుకు నాకు ఆయన మీద ఒళ్లు మండింది.  అవ్వ అందరి ముందే, ఎవరితోనూ కాదు, చేతిలోని ఉన్నితో చెప్పినట్టు చెప్పింది.

"కండ్లు యాదికున్నయి. మిగిలిన మొకం యాదికొస్తలేదు బిడ్డా. అగ్గిల నేనే ఏసిన."

నేను పుట్టి బుద్ధెరిగాక ఆమె కళ్లలో నీళ్లు చూడటం అదే మొదలు. ఆయన లేచి పోబోయాడు. అవ్వ ఆపింది.

"ఆగు. అందర్ని దీస్తవు గద, నీది ఎవరన్న తీసిండ్రా?"

"లే."

"ఎందుకు?"

"తీసెటోన్ని నేనే గద అవ్వా."

"కాదు. నువ్వు గూడ బయపడ్డవ్" అంది. మళ్లీ దొడ్డంతా నవ్వింది. ఆమె చెయ్యెత్తగానే ఆగిపోయింది. "నీది నేను దీస్త. మల్ల గొర్ల బొచ్చు కత్తిరించే నాటికి పానంతోని నా ముంగట నిలవడు. నిలవడితే నేను కూసుంట, ఊరంత కూసుంటది. నిలవడకపోతే నీ డబ్బా గీ చుట్టుపక్కల ఏడ గూడ దిగొద్దు. బీరప్ప తోడు."

మందను నడిపే మనిషి. గొర్రెను కొనేటప్పుడు కూడా ఒక కత్తిరింపు నుంచి మరో కత్తిరింపు దాకా నిలిచిందా అని అడిగేది. ఎండాకాలం ఒకసారి, వానలు పోయాక ఒకసారి కత్తిరిస్తాం. మనిషికీ అదే గడువు పెట్టింది.

ఆయన ఒప్పుకున్నాడు. మూడుకాళ్లు నిలబెట్టి, బొమ్మ పడే గాజు ప్లేటు పెట్టక ముందు అవ్వను నల్లగుడ్డ కిందికి రమ్మని అద్దంలోకి చూడమన్నాడు. అందులో బొమ్మ తిరగబడి కనిపిస్తుంది. గుడ్డ కిందనుంచే అవ్వ గొంతు వినిపించింది: "ఓరి నీ పాడుగాను, అందర్ని తలకిందులు ఏలాడదీసినవు గదరా!"

"అండ్ల దొరైనా జీతగాడైనా తలకిందులే అవ్వా!" అన్నాడు.

ఆ మాట ఆమెకు బాగా నచ్చింది. టోపీ ఎట్లా తీయాలో, ఒక్క ఊపిరి అంటే ఎంత సేపో నేర్పాడు. ఏదన్నా ఒకటి అడిగితే మొహం తేటబడుతుందని చెప్పి, వెళ్లి గొంగళ్ల కుప్ప మీద కూర్చున్నాడు. కూర్చోగానే, అందరికీ వద్దని చెప్పే మనిషి, తనే ఊపిరి బిగబట్టాడు. మొహం పీనుగైపోయింది. అవ్వ చూసింది.

"పొద్దుగాల్ల ఏం దిన్నవు బిడ్డా?"

"ఏం దినలే అవ్వా."

"థూ నీ బతుకు! తినకుంట అచ్చినవా నా ఇంటికి?" అని కోపంగా టోపీ లాగింది. మోచెయ్యి తగిలి కెమెరా ఒక పక్కకు ఒరిగింది. ఆయన ఆపుకోలేక పెద్దగా నవ్వేశాడు. అవ్వ ఒక ఊపిరి తీసి, వదిలి, టోపీ పెట్టింది.

తిరుగు దారిలో సైకిల్ నడిపించుకుంటూ ఊరు దాటాడు. తర్వాత అన్నాడు: "మా అమ్మ గూడ గట్లనే అంటుండె తమ్మీ, ఫోటువ దిగొద్దని. అబద్ధమని తెలుసు. అయినా మీ అవ్వ టోపీ దీస్తుంటే లోపల జర్రంత దడ పుట్టింది."

ఆ ఫోటో కడిగి అచ్చువేసి అవ్వకిచ్చాడు. ఆమె దాన్ని వసారాలో గుంజకు తగిలించింది. బొమ్మ ఒరిగి ఉంది, మూలన ఒక గొర్రె చెవి పడింది, నవ్వు కదిలి నోరు కొంచెం చెదిరింది. ఊరంతా వచ్చి చూసిపోయేది. ఫోటో కోసం కాదు, మనిషి ఎప్పుడు పోతాడా అని.

వానలు మొదలయ్యాక బొమ్మ పచ్చబడటం మొదలైంది. ముందు అంచులు, తర్వాత చెంప. ఊళ్లో గగ్గోలు. "ఫోటాయిన మొకం వాడిపోతాంది" అని అంగడికొచ్చిన మా ఊరివాళ్లు నాతో గుసగుసగా చెప్పారు. నేను స్టూడియోకి పరుగెత్తాను. ఆయన నవ్వాడు.

"నా ఆయుష్షు కాదు తమ్మీ, నీళ్లు తక్కువైనయి. ఎండాకాలం బాయి ఎండిపాయె. మందు వోయేదాక కడగనీకి నీళ్లేడివి? రెండు చెంబులతోని గానిచ్చిన."

"ఇంకొకటి అచ్చేసి ఇయ్యి, మారుస్త" అన్నాను.

"వద్దు. గట్ల జేస్తె దొంగాట. మీ అవ్వ తీసింది గదే, గదే ఉండాలె" అన్నాడు. అంత మొండితనం నేను ఎక్కడా చూడలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆయనకు చలిజ్వరం పట్టుకుంది. ఎన్ని గొంగళ్లు కప్పినా మంచం ఊగిపోయేది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. చివరికి పాలమూరు దవాఖానకు బస్సులో పడుకోబెట్టి తీసుకుపోయాం. స్టూడియో తలుపుకు తాళం పడింది. అంగట్లో పుకారు పుట్టింది, ఫోటాయన పోయాడని. ఇంకో అంగడి నాటికి ఎక్కడ కాల్చారో కూడా చెప్పేశారు. అన్నీ తెలిసిన నేనే, ఆ వారం ఊరికి వెళ్లినప్పుడు వసారాలో గుంజ వైపు చూడకుండా లోపలికి నడిచాను. అవ్వ గమనించింది. "బతికున్నడా?" అంది. ఉన్నాడన్నాను. "బతకాలె" అంది. పందెం కాసిన మనిషి అన్న మాట కాదది. ఆమె బీరప్పకు మొక్కుకుందని మా అమ్మ తర్వాత చెప్పింది.

వానలు వెనకపట్టు పట్టాయి. బొచ్చు కత్తిరించే రోజు వచ్చింది. ఆ పొద్దు దొడ్డిలో కత్తెరలు ఆడుతున్నాయి కానీ కళ్లన్నీ దారి మీదే. సూర్యుడు నడినెత్తికొచ్చాడు. ఒకాయన గొర్రెను విడిచిపెడుతూ "ఇంగ రాడు తియ్యి" అన్నాడు.  అవ్వ ఉన్ని ఏరడం ఆపలేదు.

ముందు కుక్కలు మొరిగాయి. తర్వాత ఎడ్లబండి. బండిలో, మా అవ్వ అమ్మిన నల్ల గొంగడి కప్పుకుని, చెంపలు లోపలికి పోయినా అవే కళ్లతో ఆయన. పక్కన కెమెరా పెట్టె. సైకిల్ తొక్కే ఓపిక లేదు గానీ, రాకుండా ఉండే ఓపిక అంతకన్నా లేదు. దవాఖాన నుంచి డాక్టరుకు చెప్పకుండానే లేచొచ్చాడని నాకు తర్వాత తెలిసింది.

బండి దిగి తూలుతూ వచ్చి అవ్వ ముందు నిలబడ్డాడు.

"పానంతోనే అచ్చిన అవ్వా."

అవ్వ లేచింది. రెండు చేతులతో ఆయన చెంపలు తడిమింది. కణతలకు వేళ్లు ఆనించి మెటికలు విరిచింది. ఆ తర్వాత తలమీద కొంగు సవరించుకుని, గొంగళ్ల కుప్ప దగ్గరికి నడిచి, రాణిలాగా కూర్చుంది. "ఇగ తియ్యి" అంది.

పెట్టె ఎత్తడానికి ఆయనకు చేతులాడలేదు. అంతవరకు ఆ డబ్బాను ముట్టుకోవడానికి కూడా భయపడ్డ మా ఊరివాళ్లే కత్తెరలు పక్కన పడేసి వచ్చి ఎత్తారు. ఒకరు మూడుకాళ్లు పట్టుకున్నారు, ఒకరు ఆయన్ని పట్టుకున్నారు. నల్లగుడ్డ కింద చాలాసేపు ఉన్నాడు. బయటికొచ్చాక చూస్తే అవ్వ కూడా బిగుసుకుపోయింది. జీవితంలో దేనికీ భయపడని మనిషి, కళ్లు గట్టిగా తెరిచి, ఊపిరి పట్టి.

"ఊపిరి పట్టకు అవ్వా" అన్నాడు. "ఇంట్ల పొయ్యి మీద ఏం వెట్టొచ్చినవు?"

"నీకే జొన్నగట్క వెట్టొచ్చిన. జల్ది తియ్యి, మాడుతది!"

టోపీ తీశాడు.

ఆ ఫోటో చూసినవాళ్లెవరూ మా అవ్వను మరిచిపోలేరు. మాట ఇంకా పెదవి మీదే ఉంది. కళ్లలో కోపం, దాని వెనక ఆకలిగొన్న బిడ్డ మీద ప్రేమ. ఆ రోజు గట్క మాడింది. మాడినదే ఆయన కడుపు నిండా తిన్నాడు. తెచ్చుకున్న ప్లేట్లన్నీ అయిపోయేదాకా ఊరు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చుంది. మిగిలినవాళ్లు మళ్లీ ఎప్పుడొస్తావని బండి వెంట పొలిమేర దాకా నడిచారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆయన్ని పిలిచాయి. పెళ్లికి పిలిచారు, తొలిచూలుకు పిలిచారు, కొత్త ఎడ్లు కొంటే పిలిచారు. తాడు కట్టిన పీనుగల కోసం బండ్లు రావడం మెల్లగా ఆగిపోయింది. ఒకనాడు ఆయనే వచ్చి నాతో చెప్పాడు, గర్వంగా, చిన్నపిల్లాడిలా: "గీ ఏడాది ఒక్క సావుకు గూడ పోలే తమ్మీ!"

అవ్వ ఆ ఫోటో దిగి ఇరవై ఏళ్లకు పైనే బతికింది. ఎవరైనా కొత్తగా భయపడితే తన ఫోటో ముందు నిలబడి "సచ్చిన్నా?" అని అడిగేది.

ఆయన మాత్రం, ఆ ఆధార్ కార్డుకు తప్ప, మళ్లీ ఎవరినీ తన ఫోటో తీయనివ్వలేదు. కాలం మారి మనవలు సెల్‌ఫోన్లు ఎత్తినా మొహానికి చెయ్యి అడ్డం పెట్టేవాడు. భయమా తాతా అని అడిగితే, "నాది ఒక పెద్దమనిషి తీసింది. అంతకంటె మంచిగ మీరేం దీస్తరు?" అనేవాడట.

ఆ పెద్దమనిషి తీసినదాన్ని గోడ మీంచి దించి, తుడిచి, కల్వకుర్తికి తీసుకెళ్లాను. ఆయన కూతురు, నేను కలిసి ఫ్లెక్సీలు చేసే షాపుకు వెళ్లాం. కుర్చీలో ఉన్న అమ్మాయి బొమ్మను తెర మీదికి ఎక్కించి, "పసుపు తీసేస్తనంకుల్. సక్కగ నిలబెడ్త. గొర్రె చెవి తీసేస్త, మొకం తెల్లగ జేస్త" అంది.

"ఏం ముట్టొద్దు బిడ్డా. పెద్దగ జెయ్యి, సాలు" అంది ఆయన కూతురు.

దినాల నాడు ఆ ఫోటోను పందిట్లో నిలబెట్టారు. నిలువెత్తు బొమ్మ. కొంచెం ఒరిగి, పచ్చబడి, మూలన గొర్రె చెవితో, పొద్దున్నుంచి ఏమీ తినని పడుచువాడు పగలబడి నవ్వుతున్నాడు. ఏడుస్తూ వచ్చినవాళ్లు కూడా దాని ముందుకు రాగానే, ఏం చేయాలో తెలియక, తామూ నవ్వారు. హైదరాబాద్ నుంచి ఆయన శిష్యుడు ఒకడొచ్చాడు, పెద్ద ఫోటోగ్రాఫర్ అట. దండ వేసి, దూరం జరిగి, అచ్చం ఆయనలాగే మెడ పక్కకు వాల్చి చాలాసేపు నిలబడ్డాడు.

"గురువుగారిని ఇంత బాగా ఎవరు తీశారు సార్? ఏ స్టూడియో?" అని అడిగాడు.

"మా అవ్వ" అన్నాను.